అన్నయ్య బ్యాటూ, ఆయన బంతీ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. క్రికెట్ వస్తోంది. ఏ దేశానికీ ఏ దేశానికీ అన్నది నాకు పట్టలేదు, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సగం చెవితోనే వింటున్నాను. అంతలో బౌలరు వేసిన బంతి ఎగిరి బ్యాటు పట్టుకున్న కుర్రాడి హెల్మెట్‌కి తగిలింది. ఠక్కుమని చప్పుడు. అలాంటిది జరిగితే దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తారు కదా, నెమ్మదిగా, దగ్గరగా. రెండోసారి చూపించేసరికి మా ఆయన కుర్చీలోంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. మా కోడలు ఇంటికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. "ఏమైంది అత్తయ్యా? ఆట మంచి పట్టులో ఉంటే మావయ్యగారు లేచిపోయారు?" అంది. "ఎవరికైనా దెబ్బ తగిలితే నాన్న చూడలేడులే" అన్నాడు మా అబ్బాయి. వాడికీ అంతవరకే తెలుసు. మిగతాది చెప్పాలంటే చిక్కుడుకాయలు బాగుచేసేంత సేపు చాలదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

కోటబొమ్మాళి దగ్గర చిన్న పల్లె మా పుట్టిల్లు. వరి, కాస్త జీడితోట, రెండు జతల ఎడ్లు. మా అన్నయ్య ఊరి జట్టులో మొదటి బ్యాట్స్‌మన్. మొదటివాడే కాదు, చాలాసార్లు ఆఖరివాడు కూడా, ఎందుకంటే అటువైపు నిలబడ్డవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోతున్నా తను మాత్రం కదిలేవాడు కాదు. అన్నయ్య బంతిని బాదేవాడని ఎవరూ అనరు. వచ్చిన ప్రతి బంతినీ, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళని చూసినట్టు మర్యాదగా చూసి, చాలామటుకు అలాగే సాగనంపేవాడు. మా నాన్నకి అది అర్థమయ్యేది కాదు. "గట్టుమీద గడియసేపు నిలబడరా అంటే కాళ్ళు పీకేస్తన్నాయంటాడు. ఆ మూడు కర్రల కాడ మాత్రం పొద్దుగూకేదాకా కావిలి కాస్తాడు" అని విసుక్కునేవాడు. అన్నయ్య అన్నం తినడం కూడా అంతే, ముద్ద ముద్దకీ ఆలోచన. ఏదైనా మొదలుపెట్టమంటే వారం, ఆపమంటే ఇంకో వారం. ఔటయిన రోజున మాత్రం వీధిగుమ్మంలోంచి వచ్చేవాడు కాదు. పెరటి దారిన వచ్చి, బ్యాటు గాదె వెనక పెట్టి, నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. బ్యాటు కింద పెట్టిన చప్పుడుని బట్టే అమ్మకి తెలిసిపోయేది. ఏమీ అడగకుండా అన్నం మీద మూత పెట్టేసేది. "ఒక్క బంతే కదా అన్నయ్యా" అంటే, "మాకు ఒక్కటే ఉంటాదే" అనేవాడు గోడతో.

నాకు బొబ్బిలి సంబంధం వచ్చింది. అబ్బాయి కరెంటాఫీసులో గుమాస్తా, పొడుగు, కాస్త చామనచాయ. పెళ్ళిచూపులకి వచ్చి కూర్చున్నాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి ఆయన నావైపు కాక గాదె పక్కన కనిపిస్తున్న బ్యాటు వైపు చూస్తున్నారు. "ఆ బ్యాటు ఎవరిదండీ?" అన్నారు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "మీరు బ్యాటా, బంతా?" అన్నాడు. "బంతి" అన్నారు ఈయన. అంతే, ఇద్దరూ వీధి అరుగు మీదకి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు కట్నకానుకల ఊసే లేకుండా ముహూర్తాల దాకా వచ్చేశారు గాని వాళ్ళిద్దరూ తిరిగి లోపలికి రాలేదు. బస్సుకి టైమవుతోందని పిలిస్తే వచ్చి, చెప్పులు వేసుకుంటూ ఆయన మా నాన్నతో "మాకిష్టమేనండి" అన్నారు. ఎవరు ఇష్టమో నాకు ఈరోజుకీ అనుమానమే.

ఫాల్గుణంలో పెళ్ళయింది. ఆయన అన్నయ్యకన్నా కొంచెం చిన్న. ఒకరికొకరు బావ. మనుగుడుపులకి వచ్చినప్పుడే ఆ వాదన మొదలైంది, బ్యాటింగు కష్టమా, బౌలింగు కష్టమా అని. అన్నయ్య తన పక్షం నెమ్మదిగా చెప్పేవాడు. "నీకు తప్పు దిద్దుకోడానికి ఇంకో బంతి ఉంటాది బావా. నాకు నేదు. పొద్దున్నుంచి సరిగ్గా ఆడి ఒక్కసారి బుర్ర పక్కకెల్తే అయిపోనాది." ఈయన ఆగేవారు కాదు. "ఔటైతే నువ్వు ఇంటికెల్లి మంచమెక్కేస్తావు. నాను ఎక్కడికెల్లాల? నా బంతి నువ్వు కాలవలోకి కొట్టేస్తే, ఊరంతా నవ్వుతంటే, నాను ఎనక్కి తిరిగి నా గీత దాకా ఒక్కడినే నడాల. మల్లీ పరిగెత్తుకు రావాల. నీకు దాక్కోడానికి సోటుంది, నాకు నేదు." వింటున్న నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుండేది. కాపురానికి వెళ్ళాక మరీ తెలిసింది. ఈయన పొద్దున ఉప్మా మాడ్చితే వెంటనే ఇంకో ఉప్మా పొయ్యిమీద పెట్టేవారు, పోపు తగలబడిన వాసన ఇంకా పోకుండానే. నామీద అరిచి, ఆ సంగతి మధ్యాహ్నానికి మరిచిపోయి, ఎందుకు మూతి ముడుచుకున్నావని నన్నే అడిగేవారు. మా అన్నయ్యయితే ఒక్క మాట అనడానికి నెల ఆలోచించి, అన్నాక ఏడాది బాధపడే మనిషి.

ఆ వైశాఖంలో, మామిడికాయలు ముదిరే రోజుల్లో, కొత్త అల్లుణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళాం. పక్కూరితో మ్యాచి ఉంది. కోతలైపోయిన చేను చదునుచేసి, కొబ్బరిపీచు చాప పరిచి మూలలకి మేకులు కొట్టారు. పక్కూరివాళ్ళకి ఒక మనిషి తక్కువయ్యాడు. "అల్లుడుగారు ఉన్నారు కదా" అన్నారెవరో. అలా ఆయన అత్తారి ఊరి మీదే బంతి వెయ్యడానికి దిగారు. మా నాన్న గట్టుమీద కూర్చుని, "మా అల్లుడు మామీదే ఏస్తాడు" అని దారినపోయేవాళ్ళకి కూడా గర్వంగా చెప్పుకున్నాడు. నేనూ అమ్మా గొడుగు వేసుకుని నాన్న వెనక కూర్చున్నాం. అప్పట్లో పల్లెల్లో హెల్మెట్లు ఎవరికి తెలుసు? ఉన్న ప్యాడ్లే ఒక్కో కాలికి ఒక్కొక్కటి పంచుకునేవారు. బంతేమో కార్కు బంతి, రాయికీ దానికీ రంగులోనే తేడా.

జీవితంలో ఎన్నడూ బాదని మా అన్నయ్య, ఆరోజు బావ వేసిన బంతిని ఎందుకో గట్టిగా లాగి కొట్టాడు. అది వెళ్ళి నీళ్ళకాలవలో పడింది. చేనంతా నవ్వులు. "అల్లుడుగారికి తానం సేయించేసినాడు" అని కేకలు. నేనూ నవ్వాను. ఆయన మాకు వీపు తిప్పి తన గీత దాకా నడిచి వెళ్ళడం చూశాను. ఆయన చెప్పిన నడక అదేనన్నమాట అనుకున్నాను. తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చారు. నాకు క్రికెట్ తెలియకపోయినా ఆ పరుగు వేరేగా ఉందని తెలిసింది. బంతి చాప అంచున, మేకు వదులైన చోట పడి, నిలువుగా లేచింది. చప్పుడు మేం కూర్చున్న చోటికి కూడా వినిపించింది. అన్నయ్య మోకాళ్ళమీద కూలబడ్డాడు. బ్యాటు వదల్లేదు.

అందరికన్నా ముందు చేరినది ఆయనే. "బావా, బావా" అంటూ ఒంటిమీది చొక్కా విప్పి అన్నయ్య చెంపకి అదిమిపెట్టారు. మేం వెళ్ళేసరికి తెల్లచొక్కాలో తెలుపు లేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక జీపులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిపొడుగునా ఆయన అన్నయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరు చూసి, కన్ను దక్కిందనీ కంటి కింద ఎముక చిట్లిందనీ చెప్పాడు. అమ్మా నాన్నా తరవాతి బస్సులో వచ్చారు. అమ్మ లోపలికి వెళ్ళి కట్లలో ఉన్న కొడుకుని చూసింది. బయటికి వచ్చింది. బల్లమీద ఒంటిమీద చొక్కా లేకుండా, ఎవరిదో తువ్వాలు కప్పుకుని తల వంచుకు కూర్చున్న అల్లుణ్ణి చూసింది. ఏమంటుందోనని నేను అమ్మనే చూస్తున్నాను. అమ్మ నావైపు తిరిగి, "ఒలే, బాబుకి సొక్కా తెచ్చినావేటి? పొద్దున్నుంచీ ఏటీ తిన్నట్టు నేదు. ఇడ్డెన్లు తెప్పించు" అంది. అరిచి ఉంటే ఆయన తట్టుకునేవారేమో. ఆ ఇడ్లీలు ముందు పెట్టుకుని ఆయన ఏడ్చారు.

అన్నయ్య ముఖం నెలన్నరకి మామూలైంది. కంటి కింద చిన్న గీత మిగిలింది. అమ్మ కూర్మనాథస్వామికి మొక్కుకుంది కాబట్టి అందరం శ్రీకూర్మం వెళ్ళాం. అక్కడ గుళ్ళో తాబేళ్ళుంటాయి, పిల్లలు వాటికి ఆకుకూర పెడుతుంటారు. మా ఇంటి మగవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేకుండా చాలాసేపు ఆ తాబేళ్ళనే చూశారు. చివరికి అన్నయ్య, "బస్సుకి టైమైనట్టుంది బావగారూ" అన్నాడు. "అవునండీ, బయల్దేరదాం" అన్నారు ఈయన. అరుగు మీద చేతులూపుకుంటూ పోట్లాడుకున్న ఇద్దరికీ మధ్య ఒక 'గారు', ఒక 'అండీ' వచ్చి కూర్చున్నాయి. కోపం ఉంటే ఎవరో ఒకరు సర్దిచెప్పొచ్చు. వాళ్ళకి కోపం లేదు. ఒకరిని చూస్తే ఒకరికి దిగులు. దానికి మధ్యవర్తిత్వం ఎలా చేస్తారు?

బొబ్బిలిలో మా అద్దె ఇంటి మేడమీంచి ఆటస్థలం కనిపించేది. సాయంత్రం బట్టలు తీస్తూ చూసేదాన్ని. ఆయన పరిగెత్తుకు వచ్చేవారు, వచ్చి వచ్చి గీత దగ్గర ఆగిపోయేవారు. లేకపోతే బంతి బ్యాటువాడికి అందనంత దూరంగా ఎటో వెళ్ళేది. కొన్నాళ్ళకి జట్టులోంచి తప్పించారు. మోకాలు నొప్పని నాతో చెప్పారు. రోజూ పడుకోబోయే ముందు ఆ మోకాలికి వేపనూనె రాసేదాన్ని. అందులో నొప్పి లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఆయన కాలు చాపేవారు, నేను రాసేదాన్ని.

ఏడోనెలలో నన్ను పురిటికి తీసుకొచ్చారు. మా ఊళ్ళో కోతల రోజులు. ఒక పొద్దున పెరట్లో అన్నయ్య ఒంటరిగా బ్యాటు పట్టుకుని నిలబడి ఉండటం చూశాను. ఎదురుగా ఎవరూ లేరు. రాని బంతికి అడుగు వేస్తున్నాడు, కాలు మాత్రం ముందుకి కాక పక్కకి జరుగుతోంది. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "సూడే, బంతి నేకపోయినా పారిపోతన్నాది కాలు. నాను సెప్తే ఇనదు" అన్నాడు. "ఆయన బంతి కూడా అంతే అన్నయ్యా, చేతిలోంచి రావడం లేదు" అన్నాను. అన్నయ్య తల ఎత్తాడు. "అదేటి, మోకాలనేసి కదా సెప్పినాడు" అన్నాడు. "మోకాలు కాదు" అన్నాను. ఎప్పటిలాగే ఆలోచనలో పడ్డాడు.

ఆయన ఆదివారాలు నన్ను చూడ్డానికి వచ్చేవారు, శ్రీకాకుళంలో బస్సు మారి. ఆ వచ్చే ఆదివారం ఆయన కాఫీ తాగి అరుగు మీద కూర్చుంటే అన్నయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టని మా అన్నయ్య, చేతిలో కార్కు బంతి పెట్టుకుని వచ్చాడు. దాన్ని ఆయన అరచేతిలో పెట్టాడు.

"బావా, ఒక ఓవరెయ్యి."

"నా వల్ల కాదండీ."

"నా వల్లా కాదు. అందుకే ఇద్దరం ఎల్దాం, రా."

పెరటి వెనక, కొత్త వరి నూర్చడానికి, కళ్ళం అప్పుడే అలికి ఎండబెట్టారు. నున్నగా, గట్టిగా ఉంది. అమ్మ కూర్చునే పీట ఒకటి అన్నయ్య తెచ్చి, వికెట్ల బదులు వెనక నిలబెట్టాడు. నాన్న గోల పెట్టాడు, "కళ్ళం సేసినాది వడ్లకా, మీ బంతికా?" అని. అమ్మ చేటలో బియ్యం పోసుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది, కళ్ళు మాత్రం బియ్యం మీద లేవు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మొదటి బంతి ఆయన చంటిపిల్లాడికి వేసినట్టు మెల్లగా విసిరారు. అన్నయ్య దాన్ని బ్యాటుతో ఆడకుండా చేత్తో పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. "ఇది పేడముద్ద. బంతెయ్యి" అన్నాడు. రెండోది ఎక్కడో గడ్డిమేటులోకి పోయింది. అది వెతకడానికే చాలాసేపు పట్టింది. ఆ తరవాత ఒకటి కాస్త వేగంగా వచ్చేసరికి అన్నయ్య కాలు పక్కకి జరిగిపోయింది, బ్యాటు గాలిలో ఊగింది. ఆ ఆదివారానికి అంతే. ఇద్దరూ నీరసంగా వచ్చి అన్నాలకి కూర్చున్నారు. కాని ఆయన ఆరోజు పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఆసుపత్రి రోజు తరవాత మా ఇంట్లో ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

మరో ఆదివారం, ఇంకో ఆదివారం. చలికి కళ్ళం మీద మంచు ఆరేదాకా ఆగి మొదలుపెట్టేవారు. మాటలు తక్కువ. మొదట్లో ఈయన నోట 'అండీ', తరవాత అదీ లేదు, ఊరికే "ఊఁ" అంటే "ఊఁ". ఒకరోజు ఆయన పరుగు మధ్యలో ఆగిపోతే అన్నయ్య బ్యాటు కింద పెట్టి నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు ఎక్కడ సూస్తన్నావు బావా?" అన్నాడు. ఆయన చేతిలో బంతిని తిప్పుతున్నారు. "నా మొకం సూస్తన్నావు. బంతేసేవోడు అది పడే సోటు కదా సూడాల. నా మొకం మీదేటున్నాది? మానిపోనాది, సూడు" అని తన చెంప ముందుకు పెట్టాడు. ఆయన ఆ గీతని అంత దగ్గరగా అప్పుడే చూశారనుకుంటాను. వేలితో తాకబోయి ఆగిపోయారు. కాసేపటికి, "మరి నువ్వు ఎక్కడ సూస్తన్నావు?" అన్నారు. "నా సెయ్యి సూడాల నువ్వు, బంతి సేతిలోంచి వొస్తాది. నువ్వూ నా మొకమే సూస్తన్నావు" అని ఆయనే అందుకున్నారు. అన్నయ్య కాసేపు ఆలోచించాడు. "నిజమే, నువ్వు బాధ పడతన్నావేమోననేసి" అన్నాడు. గుమ్మంలో అమ్మ చేట పక్కన పెట్టి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. వేసేవాడు చూడవలసింది వేరు, ఆడేవాడు చూడవలసింది వేరు. మా ఇంటి ఇద్దరూ ఏడు నెలలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ రెండూ మానేశారు.

మర్నాటి నుంచి వరి కళ్ళంలోకి వస్తుందనగా, అది ఆఖరి ఆదివారం. ఆయన పరుగు ఆరోజు ఎక్కడా ఆగలేదు. మేడమీంచి చూసిన పరుగు కాదు, చేనులో చూసిన పరుగూ కాదు, రెండింటికీ మధ్యలోది. బంతి వేగంగా పడింది. అన్నయ్య కాలు కదలలేదు. ఉన్న చోటే ఉండి, నిటారుగా, ముందుకి ఆడాడు. బంతి బ్యాటుని దాటుకుని పోయి పీటకి తగిలింది. పీట రెండు ముక్కలైంది.

ఔటయితే గోడవైపు తిరిగి పడుకునే మా అన్నయ్య బ్యాటు గాల్లోకి ఎత్తాడు. "ఔటయిపోనాను బావా! కాలు కదల్నేదు, సూసినావా? కదల్నేదు! ఔటయిపోనాను!" అని అరుస్తూ పరిగెత్తుకెళ్ళి ఆయన్ని వాటేసుకున్నాడు. వికెట్టు తీసినవాడు ఏడుస్తున్నాడు, పోగొట్టుకున్నవాడు గెంతుతున్నాడు. కడుపుతో ఉన్న నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. అమ్మ లేచి వచ్చి పీట ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "మా అమ్మిచ్చిన పీట. ఇరగ్గొట్టేసినారు" అంది. ఇద్దరూ బిత్తరపోయి నిలబడ్డారు. "బాగా సేసినారు. కాళ్ళు కడుక్కోండి, కూడు సల్లారిపోతన్నాది" అని లోపలికి వెళ్ళింది.

అన్నయ్య ఆ తరవాత కొన్నేళ్ళు ఆడాడు. మునుపటంత గొప్పగా కాదు, ఎత్తుగా లేచే బంతి వస్తే ఇంకా కన్ను ఆర్పేవాడట. ఆయన వేగం మానేసి నెమ్మదిగా తిప్పి వెయ్యడం నేర్చుకున్నారు, మోకాలికి అదే మంచిదని చెప్పుకుంటూ. వాదన కూడా మళ్ళీ మొదలైంది, అరుగు మీద, 'గారు' లేకుండా, 'అండీ' లేకుండా. ఏది కష్టమో ఇద్దరూ ఇంకా తేల్చలేదు. కలిసినప్పుడల్లా భోజనాలు చల్లారబెడుతూనే ఉన్నారు. మా పెళ్ళయ్యాక ఎన్నో చలికాలాలు వచ్చి వెళ్ళాయి. ఏది ఎప్పుడొచ్చిందో, ఎలా గడిచిందో అడిగితే చెప్పలేను. ఆ ఒక్క చలికాలం మాత్రం వచ్చినట్టు గుర్తుంది గాని, వెళ్ళిపోయినట్టు గుర్తులేదు.